గాజుతీగల పొంతన

దూరాన ఉన్నవారికి మాట చేరవేయాలన్న కోరిక మనిషికి ఆది నుంచీ ఉన్నది. డప్పు మోత, కొండ మీది మంట, గుర్రపు రౌతు, గంటల బల్లెం పట్టి పరుగెత్తిన తపాలా మనిషి, తంతి, టెలిఫోను, ఉపగ్రహం – ఇవన్నీ ఆ కోరికకు కాలం తొడిగిన రూపాలే. నేడు ఆ బరువులో అధికభాగాన్ని తల వెంట్రుకంత సన్నని గాజుపోగు మోస్తున్నది. ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు మూడువందల కిలోమీటర్లు. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. అంటే ఆ దూరాన్ని దాటడానికి వెలుగుకు సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు చాలు. ఇంత వేగం గల ప్రయాణికుడు కూడా గమ్యానికి రెండడుగుల దూరంలో, ఒక చిన్న ప్లాస్టిక్ మూతి దగ్గర ఆగిపోతూ ఉంటాడు. అలా ఎందుకు ఆగిపోతాడో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ తీగ వేయాలని 2011 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పథకాన్ని మొదట ప్రయోగించి చూసిన మూడు ప్రాంతాలలో ఒకటి తెలుగునేల మీదిదే. అది నాడు విశాఖపట్నం జిల్లాలో, నేడు అనకాపల్లి జిల్లాలో ఉన్న పరవాడ. ఆ పథకమే తరువాత భారత్‌నెట్ అనే పేరు పొందింది. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కోసం తవ్విన కందకాలలోనే గాజుతీగను కూడా పరిచే ఏర్పాటు జరిగింది. నీరూ వెలుగూ ఒకే కందకంలో ఊరికి రావడం విశేషమే. ఇంటింటికీ ఆ తీగ ద్వారా సేవలందించే ప్రయత్నాన్ని 2024 డిసెంబర్‌లో కొన్ని గ్రామాలలో ప్రయోగాత్మకంగా ఆరంభించారు. వాటిలో పూర్వపు కరీంనగర్ ప్రాంతానికి చెందిన అడవి శ్రీరాంపూర్ ఒకటి. 2016లో పాత ఆదిలాబాద్ నుంచి వేరుపడి ఏర్పడిన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వంటి చోట ఈ తీగ అవసరం మరీ ఎక్కువ. కెరమెరి, తిర్యాణి, జైనూర్, లింగాపూర్ మండలాలలో గూడేలు కొండల మధ్య దూరదూరంగా ఉన్నాయి. ఆకాశమార్గాన వచ్చే సెల్‌ఫోన్ సంకేతం కొండ మలుపు తిరిగితే మాయమవుతుంది. నేలలో నడిచే వెలుగుకు కొండ అడ్డం కాదు.

అటువంటి ఒక మారుమూల గ్రామ పంచాయతీ కార్యాలయాన్ని ఊహించుకుందాం. ఇంటర్మీడియట్ పూర్తి చేసిన ఒక విద్యార్థిని డిగ్రీ ప్రవేశం కోసం ‘దోస్త్’ ద్వారా కళాశాలల ఎంపిక నమోదు చేయడానికి వచ్చింది. ఆనాటితో గడువు ముగుస్తుంది. కంప్యూటర్ ఉన్నది, కరెంటు ఉన్నది. గోడకు బిగించిన చిన్న తెల్లని పెట్టె మీద మాత్రం ఒక ఎర్రదీపం మినుకుమినుకుమంటున్నది. వెలుగు అందడం లేదని దాని భాష. పది రోజుల కిందట ఊరి పొలిమేరలో జేసీబీ తగిలి తీగ తెగిన మాట నిజమే. కానీ దానిని అతికారు కూడా. తీగ ఇప్పుడు తెగి లేదు. ప్రతి ముక్కా మరొక ముక్కలో చక్కగా దిగి ఉన్నది. అయినా దీపం ఎర్రగానే ఉన్నది. దోషం ఎక్కడ?

ఇక్కడ ఒక మాట ఆలోచించదగినది. వధూవరుల జాతకాలు కలిపి చూడడాన్ని తెలుగువారు ‘పొంతన’ అంటారు. జాతకాల పొంతన మీద విశ్వాసం ఎవరి ఇష్టం వారిది. గాజుతీగల లోకంలో మాత్రం పొంతన చూడక తప్పదు. తీగ, దాని మూతి అయిన కనెక్టర్, విద్యుత్ సంకేతాన్ని వెలుగుగా, వెలుగును తిరిగి విద్యుత్తుగా మార్చే ట్రాన్సీవర్ – ఈ మూడూ వేరువేరు కర్మాగారాలలో, వేరువేరు దేశాలలో పుట్టి, ఏదో ఒక పల్లెలో మొదటిసారి కలుసుకుంటాయి. వాటి కలయికలో ఒక చిత్రం ఉన్నది. పొసగని వస్తువులు కూడా చూపుకు పొసగినట్లే ఉంటాయి. గుండ్రని మేకు చదరపు రంధ్రంలో దిగదు కాబట్టి అక్కడ పొరపాటు వెంటనే తెలుస్తుంది. ఇక్కడ అలా కాదు. పొసగనిది కూడా దిగుతుంది, ‘టక్’మని బిగుస్తుంది, వెలుగును మాత్రం దిగమింగుతుంది.

గాజుపోగు నిర్మాణం సులభంగానే అర్థమవుతుంది. నడుమ కోర్ అనే గర్భం, దాని చుట్టూ క్లాడింగ్ అనే కవచం. రెండూ గాజే. గర్భంలోని గాజు కవచంలోని గాజు కన్నా కొద్దిగా ఎక్కువగా కాంతిని వంచుతుంది. అందువల్ల గర్భంలో ఏటవాలుగా ప్రవేశించిన వెలుగు అంచును తాకిన ప్రతిసారీ లోపలికే మళ్లుతుంది. దీనినే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. నీటిధారతో పాటు వెలుగు కూడా వంగి ప్రయాణించడాన్ని జాన్ టిండాల్ 1854లో ప్రదర్శించి చూపాడు. పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, తన గురువు హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, గాజుపోగుల కట్ట ద్వారా బొమ్మను పంపిన వివరాలను 1954లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. అయితే నాటి గాజులో మలినాలెక్కువ. కొన్ని గజాలు నడిచేసరికే వెలుగు సన్నగిల్లేది. లోపం గాజు స్వభావంలో లేదని, మలినాలలో ఉన్నదని 1966లో చార్లెస్ కావో వాదించాడు. నాలుగేళ్లకు అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు అటువంటి శుద్ధమైన పోగును తీసి చూపారు. కావోకు నోబెల్ బహుమతి 2009లో లభించింది.

పొంతనలలో మొదటిది గర్భపు కొలత. పోగు కవచపు వ్యాసం సాధారణంగా 125 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సింగిల్ మోడ్ అనే రకంలో గర్భం సుమారు 9 మైక్రాన్లే. మల్టీమోడ్ అనే రకంలో అది 50 లేక 62.5 మైక్రాన్లు. ఊళ్ల మధ్య దూరాలకు సింగిల్ మోడ్, ఒకే భవనంలోని దగ్గరి దూరాలకు మల్టీమోడ్ వాడుతారు. బయటి వ్యాసం రెండింటికీ ఒక్కటే కావడంతో, ఒక రకపు మూతిలో మరొక రకం సులువుగా ఎదురుబొదురుగా నిలుస్తుంది. సన్నని గర్భం నుంచి వెడల్పు గర్భంలోకి వెలుగు దాదాపు పూర్తిగా పోతుంది. తిరుగు ప్రయాణంలోనే చిక్కు. 50 మైక్రాన్ల గర్భం నుంచి 9 మైక్రాన్ల గర్భంలోకి రావలసిన వెలుగులో, వైశాల్యాన్ని బట్టి లెక్కిస్తే, ముప్పై వంతులలో ఒక వంతు మాత్రమే లోపలికి పోతుంది. చెరువు తూమును సీసా మూతికి కలిపినట్లు ఉంటుంది ఆ కలయిక. సింగిల్ మోడ్ తీగముక్కకు పసుపు తొడుగు, మల్టీమోడ్‌కు నారింజ లేక లేత నీలిపచ్చ తొడుగు వేసే ఆనవాయితీ ఈ పొరపాటును నివారించడానికే ఏర్పడింది.

రెండవ పొంతన మూతులది. పాఠంలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే. మూతులలో అనేక ఆకారాలున్నాయి. చదరంగా ఉండి నెట్టితే బిగుసుకునేది ఎస్‌సీ. దానిలో సగం పరిమాణం గలది ఎల్‌సీ. మెలితిప్పి బిగించేది ఎస్‌టీ. మరచుట్ల మీద తిరిగేది ఎఫ్‌సీ. ఆకారభేదం వల్ల పెద్దగా ప్రమాదం లేదు, ఎందుకంటే ఒకటి మరొకదానిలో దిగదు. అసలు ప్రమాదం ఒకే ఆకారంలో దాగిన భేదంలో ఉన్నది. మూతి నడుమ పింగాణీ వంటి గట్టి పదార్థంతో చేసిన సన్నని కడ్డీ ఉంటుంది. గాజుపోగు దాని మధ్యగా వచ్చి కొనతో సమంగా ముగుస్తుంది. ఆ కొనను సానపట్టడంలో రెండు పద్ధతులున్నాయి. దాదాపు నిటారుగా, కొద్దిపాటి గుండ్రదనంతో సానపడితే అది యూపీసీ. దానికి నీలిరంగు గుర్తు. ఎనిమిది డిగ్రీల ఏటవాలుగా సానపడితే అది ఏపీసీ. దానికి ఆకుపచ్చ గుర్తు.

ఎనిమిది డిగ్రీల వాలు ఎందుకు? రెండు పోగులు కలిసిన చోట కొంత వెలుగు వెనుదిరుగుతుంది. కొన నిటారుగా ఉంటే ఆ వెనుదిరిగిన వెలుగు వచ్చిన దారినే లేజర్‌ దాకా పోయి, దాని పనికి ఆటంకం కలిగిస్తుంది. కొన ఏటవాలుగా ఉంటే అదే వెలుగు పక్కకు మళ్లి కవచంలో కలిసిపోతుంది. మంచి నీలిమూతి దగ్గర లక్ష వంతులలో ఒక వంతు వెనుదిరిగితే, మంచి ఆకుపచ్చ మూతి దగ్గర పది లక్షల వంతులలో ఒక వంతే వెనుదిరుగుతుంది. ఒకే తీగ మీద టీవీ ప్రసారాలను కూడా పంపే చోట ఈ జాగ్రత్త మరింత అవసరం.

నీలం నీలంతో కలిస్తే పోగులు కొనాకొనా తాకుతాయి. ఆకుపచ్చ ఆకుపచ్చతో కలిస్తే రెండు వాలులూ ఒకదానిపై ఒకటి చక్కగా వాలి తాకుతాయి. నీలం ఆకుపచ్చతో కలిస్తే? నిటారు కొనకూ వాలు కొనకూ మధ్య గాలిసందు మిగులుతుంది. అంచులు మాత్రమే ఒరుసుకుంటాయి. ఆ సందులో ఎంత వెలుగు పోతుందో ముందుగా చెప్పలేం, ఎందుకంటే అది బిగింపును బట్టి, సానను బట్టి మారుతుంది. బలవంతంగా నొక్కితే కొనలు గీతలు పడి శాశ్వతంగా చెడిపోవచ్చు. వ్యాకరణంలో ఇటువంటి కలయికకు ఒక పేరున్నది. సంస్కృత పదాన్ని తెలుగు పదంతో వ్యాకరణ విరుద్ధంగా సమాసం చేస్తే అది వైరి సమాసం. ‘క్షీరాభిషేకం’ సాధువు. ‘పాలాభిషేకం’ వైరి సమాసం. పలకడానికి నాలుకకు అడ్డేమీ ఉండదు, వినడానికీ ఇంపుగానే ఉంటుంది. రెండు పదాల పుట్టుక తెలిసినవాడికే దోషం కనిపిస్తుంది. నీలం, ఆకుపచ్చ మూతుల కలయిక అచ్చంగా ఇటువంటిదే. తేడా ఒక్కటి. వైరి సమాసాన్ని లోకం క్షమించి వాడుకలోకి తెచ్చుకుంటుంది, గాజుపోగు క్షమించదు. తప్పనిసరిగా నీలి రంధ్రానికి ఆకుపచ్చ తీగ కలపవలసి వస్తే, ఒక కొన నీలంగా, మరొక కొన ఆకుపచ్చగా తయారైన తీగముక్కను నడుమ వేయాలి.

ఈ నష్టాలన్నిటినీ కొలిచేందుకు డెసిబెల్ అనే కొలమానం ఉన్నది. మూడు డెసిబెళ్ల నష్టమంటే వెలుగు సగమయిందని అర్థం. పది డెసిబెళ్లంటే పదో వంతు మిగిలిందని అర్థం. గ్రామాలకు, ఇళ్లకు తీగ వేసేటప్పుడు విరివిగా వాడే జీపాన్ పద్ధతిలో, మండల కేంద్రంలోని ఒక యంత్రం నుంచి బయలుదేరిన వెలుగును స్ప్లిటర్ అనే కరెంటు అక్కరలేని పరికరం అనేక పాయలుగా పంచుతుంది. ఒక కాలువను పిల్లకాలువలుగా చీల్చడం వంటిదే ఇది. ఎన్ని పాయలైతే ప్రతి పాయలో అంత పలుచన. ఈ పద్ధతిలో సాధారణంగా వాడే ఒక తరగతి పరికరాలు 28 డెసిబెళ్ల నష్టాన్ని భరించగలవు. పంపిన వెలుగులో సుమారు 630 వంతులలో ఒక వంతు చేరినా అవి చదువుకోగలవు. ఇది ఆశ్చర్యకరమైన ఓర్పు. అయినా ఓర్పుకూ హద్దున్నది.

ముందు చెప్పుకున్న పంచాయతీకి లెక్క వేసి చూద్దాం. మండల కేంద్రం నుంచి దూరం 16 కిలోమీటర్లు అనుకుంటే, కిలోమీటరుకు 0.35 చొప్పున గాజు తినేది 5.6 డెసిబెళ్లు. పదహారు పాయల స్ప్లిటర్ తినేది దాదాపు 14. నాలుగు మూతులు అరడెసిబెల్ చొప్పున 2. పది అతుకులు పదో వంతు చొప్పున 1. మొత్తం 22.6. భరించగలిగిన 28లో మిగిలింది 5.4. ఇది వానకాలానికీ, ముసలితనానికీ దాచుకోవలసిన మిగులు. తొలినాడే ఎవరో తొందరలో నీలిమూతిని ఆకుపచ్చ మూతికి కలిపి పోయారనుకుందాం. అక్కడ 5 డెసిబెళ్లు పోయినా మిగులు 0.4 ఉన్నది కాబట్టి దీపం పచ్చగానే వెలిగింది. అందరూ పని బాగా జరిగిందనే అనుకున్నారు. ఏడాది తరువాత జేసీబీ తీగను తెంపింది. అతికినప్పుడు కొత్తగా రెండు అతుకులు చేరాయి, పెట్టెలో తీగను బిగుతుగా చుట్టడంతో మరికొంత వెలుగు కారిపోయింది. మిగులు కరిగిపోయింది. నింద జేసీబీ మీద పడింది. అసలు దోషం ఏడాదిగా కార్యాలయం గోడ మీదనే, అందరి కళ్ల ముందే ఉన్నది.

వెలుగు తక్కువైతేనే కాదు, ఎక్కువైనా చిక్కే. ఎనభై కిలోమీటర్లు పంపడానికి తయారైన ట్రాన్సీవర్లను ఎదురుబొదురు భవనాల మధ్య అమర్చితే, అవతలి కన్ను ఆ వెలుగుకు జిగేలుమని ఏమీ చదవలేకపోతుంది, కొన్నిసార్లు చెడిపోతుంది కూడా. అప్పుడు అటెన్యుయేటర్ అనే వెలుగును తగ్గించే ముక్కను నడుమ వేయవలసి ఉంటుంది.

మిగిలింది ట్రాన్సీవర్ల పొంతన. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకం పంచాయతీలను వలయాకారంగా కలపాలని సంకల్పించింది. ఒక పక్క తీగ తెగినా వెలుగు మరొక పక్క నుంచి తిరిగి వస్తుంది. ఇటువంటి వలయాలలో వాడే యంత్రాలకు ఎస్‌ఎఫ్‌పీ అనే బొటనవేలంత ట్రాన్సీవర్లను తొడుగుతారు. వాటిని చూసేటప్పుడు మొదట గమనించవలసినది వెలుగు రంగు. ఈ వెలుగు కంటికి కనిపించనిదైనా దానికీ తరంగదైర్ఘ్యం ఉన్నది. 1310, 1490, 1550 నానోమీటర్లు సాధారణంగా వాడేవి. ఒకే పోగులో రాకపోకలు రెండూ జరిపే రకాలలో, ఒకటి 1310 వద్ద పలికి 1490 వద్ద వింటే, దాని జోడి 1490 వద్ద పలికి 1310 వద్ద వినాలి. సంచిలో నుంచి ఒకే రకానివి రెండు తీసి రెండు కొనలకూ తొడిగితే, ఇద్దరూ ఒకే స్వరంలో పలుకుతారు, ఎవరూ వినరు. అటువంటి చోట కవలలు పనికిరారు, జోడీలే కావాలి.

వేగం మరొకటి. సెకనుకు ఒక గిగాబిట్ రకం, పది గిగాబిట్ల రకం చూడటానికి ఒకే తీరుగా ఉంటాయి, ఒకే గూడులో దూరుతాయి. గూడు వేగానికి ట్రాన్సీవర్ వేగం సరిపడకపోతే అక్కడ సంభాషణ సాగదు. భాషాభేదం ఇంకా సూక్ష్మమైనది. జీపాన్, ఈపాన్ అనే రెండు పద్ధతులూ కిందికి 1490, పైకి 1310 నానోమీటర్ల వెలుగునే వాడుతాయి. తీగ అదే, మూతి అదే, రంగు అదే. కానీ సంకేతాలను పేర్చే వ్యాకరణం వేరు. కనుక ఒక పద్ధతికి చెందిన పెట్టెను మరొక పద్ధతికి చెందిన తీగకు తగిలిస్తే వెలుగు నిండుగా అందుతుంది, అర్థం మాత్రం అందదు. లిపి ఒకటై భాష వేరైన పుస్తకం చేతికి వచ్చినట్లుంటుంది.

వేరువేరు తయారీదారుల ట్రాన్సీవర్లు ఒకే కొలతలలో ఉండాలని పరిశ్రమ వర్గాలు తమలో తాము ఒక ఒడంబడిక చేసుకున్నాయి. అది మెచ్చదగిన పని. అయితే ప్రతి ట్రాన్సీవర్‌లో తయారీదారు పేరు, రకం, తరంగదైర్ఘ్యం మొదలైన వివరాలు రాసిన చిన్న జ్ఞాపకపు చిప్ ఉంటుంది. కొన్ని యంత్రాలు ఆ పేరును చదివి, తమ ఇంటిది కాకపోతే పనిచేయడానికి నిరాకరిస్తాయి. భౌతికంగా ఏ దోషమూ లేని చోట వ్యాపారం కల్పించిన పొంతనలేమి ఇది. ప్రజాధనంతో సామగ్రి కొనే కార్యాలయాలు టెండరు పత్రంలోనే ఈ సంగతి అడిగి తేల్చుకోవడం మేలు. దీనికి భిన్నంగా, గాజుపోగుల విషయంలో ప్రమాణాలు ఉదారంగా ఉన్నాయి. అంతర్జాతీయ ప్రమాణాలలో జీ.652డీ అనే మామూలు పోగుకూ, ఇంటి మూలల్లో వంపులు తట్టుకునే జీ.657ఏ అనే పోగుకూ చక్కగా అతుకు కుదురుతుంది.

అన్ని పొంతనలూ కుదిరిన తరువాత కూడా ధూళి ఒకటి మిగిలి ఉంటుంది. ఎండాకాలపు మట్టిరోడ్డు మీద లేచే దుమ్ములో 9 మైక్రాన్ల రేణువు పెద్దదేమీ కాదు, కానీ సింగిల్ మోడ్ గర్భాన్ని మూసివేయడానికి అది చాలు. అందుకే తీసిన మూతికి వెంటనే టోపీ తొడగాలి, పెట్టే ముందు నూలు రాలని గుడ్డతో తుడవాలి. పని తెలిసినవారు మూతిని చొక్కా అంచుతో తుడవరు, ఊదరు. తీగ కొనను కంటికి ఎదురుగా పెట్టుకొని వెలుగు వస్తున్నదా అని చూడటం మరీ ప్రమాదం. అందులో ప్రవహించేది కనిపించని లేజర్ కాంతి. అది కంటిని గాయపరచగలదు. ఆ పనికి పవర్ మీటర్ అనే చేతి పరికరం ఉన్నది.

మన ఊహలోని పంచాయతీకి వచ్చిన సాంకేతిక సిబ్బంది చేసేది కూడా ఆ మీటరు పెట్టడమే. గోడ మీది డబ్బా వరకు వచ్చిన వెలుగును ఒకసారి, డబ్బా నుంచి పెట్టెకు పోయే రెండడుగుల తీగముక్క చివర మరొకసారి కొలుస్తారు. మామూలుగా ఈ రెండు కొలతల మధ్య తేడా అరడెసిబెల్‌కు మించరాదు. ఇక్కడ అయిదు కనిపిస్తుంది. డబ్బాలోని మూతి ఆకుపచ్చ, తీగముక్క మూతి నీలం. సంచిలో నుంచి ఒక కొన ఆకుపచ్చగా, పెట్టె వైపు కొన నీలంగా ఉన్న ముక్కను తీసి, తుడిచి, తగిలిస్తారు. ఎర్రదీపం ఆరుతుంది. దాని పక్కనున్న పచ్చదీపం కాసేపు మినుకుమని నిలకడగా వెలుగుతుంది. తీసివేసిన నీలిముక్క పాడైపోయినది కాదు, నీలిమూతులున్న మరొక చోట అది పనికి వస్తుంది. అయితే కొన మీద గీతలు పడ్డాయేమో భూతద్దంలో చూసి, రంగు పేరు రాసిన చీటీ అంటించి మరీ సంచిలో వేసుకోవాలి.